కుక్కతో అరకు వెళ్ళొచ్చాం: రిసార్టుల్లోకి పెంపుడు జంతువుల్ని రానివ్వాలా?

పోయిన డిసెంబర్లో మా కుక్కని కూడా తీసుకుని అరకు వెళ్ళొచ్చాం. గది వెతుక్కోవడం దగ్గర్నుంచి బిల్లు కట్టి బయటపడేదాకా ఏమేం జరిగిందో రాస్తున్నాను. వెళ్ళేముందు ఇలాంటి అనుభవం తెలుగులో ఒక్కటైనా దొరుకుతుందేమో అని తెగ వెతికాను, దొరికినవన్నీ ఫొటోలే, పొగమంచులో కుక్క, కాఫీ తోటలో కుక్క. ఎంత అడిగారు, ఎక్కడ ఆపేశారు, పక్క గది వాళ్ళు ఏమన్నారు అనేవి ఎవరూ రాయలేదు. రిసార్టుల్లోకి జంతువుల్ని రానివ్వాలా వద్దా అంటే నా మాట ఒకటే, రానివ్వాలి. కాకపోతే ఎలా రానివ్వాలన్నది అక్కడికి వెళ్ళాకే నాకు తేటపడింది, అదీ కుక్క అంటే పడని కుటుంబంలోని ఒక పెద్దావిడ వల్ల.

మాది విశాఖపట్నం. కుక్క పేరు బెల్లం, దాని రంగు అదే. నాటు కుక్క, ఆడది. మా అపార్ట్‌మెంటు వెనక ఖాళీ స్థలంలో వానకి తడిసి వణుకుతుంటే మా పాప ఎత్తుకొచ్చింది, ఇప్పుడు ఇరవై కిలోలకి దగ్గర్లో ఉంటుంది. పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించాం, ఏటా టీకాలు వేయిస్తాం, టీకా పుస్తకం మా పాప స్కూల్ ఫైల్ కంటే భద్రంగా ఉంటుంది. ఊరెళ్ళాల్సి వస్తే పక్కింటి వాళ్ళు రెండు పూటలా అన్నం పెడతారు, పాపం వాళ్ళు మంచివాళ్ళే, కానీ రాత్రంతా తలుపు దగ్గరే కూర్చుని ఏడుస్తుందట. బోర్డింగ్‌లో పెడితే ఇంకా అన్యాయం, వరసగా బోనులు, పక్క బోనులో కుక్క మొరిగితే ఇది మూలకి పోయి ముడుచుకుంటుంది, ముద్ద ముట్టదు. డొక్కలు ఎండిపోయి ఇంటికి తిరిగొచ్చిన రోజున మా ఆయన తేల్చి చెప్పేశారు, ఇకమీదట ఇది వచ్చే చోటికే వెళ్దాం, లేకపోతే ఇంట్లోనే ఉందాం అని.

ఇక ఫోన్లు. బుకింగ్ యాప్‌లో రిసార్టు పేరు కింద పెంపుడు జంతువులకు అనుమతి ఉంది అని ఒక టిక్కు కనపడుతుంది, దాన్ని నమ్మి డబ్బు కట్టేయకండి. టిక్కు ఉన్న చోట కూడా ఫోన్ ఎత్తినాయనకి ఆ సంగతే తెలీదు. ఒకచోట "చిన్నదైతే ఓకే మేడమ్, ఒళ్ళో పట్టేలాంటిది" అన్నారు. ఇంకోచోట ఏ బ్రీడ్ అని అడిగారు, నాటు కుక్క అన్నాను, కాసేపు అటు నుంచి మాట లేదు, తర్వాత "లాబ్రడార్ లాంటిదైతే చూద్దుం మేడమ్, వీధి కుక్కంటే మిగతా గెస్టులు ఒప్పుకోరు" అన్నాడు. నాకు ఒళ్ళు మండింది. కుక్క కరుస్తుందా లేదా అన్నది అది ఎలా పెరిగింది, ఎంత బెదిరిపోయి ఉంది అన్నదాన్ని బట్టి ఉంటుంది గానీ దాన్ని ఎంత పెట్టి కొన్నారు అన్నదాన్ని బట్టి కాదు కదా. 2024 మార్చిలో కేంద్రం 23 జాతుల్ని ప్రమాదకరమైనవంటూ రాష్ట్రాలకి లేఖ రాసింది, కర్ణాటక హైకోర్టు ఏప్రిల్లోనే ఆ లేఖని కొట్టేసింది. కొట్టేసిన ఆ జాబితాలో కూడా మన నాటు కుక్క లేదు. టీకా పుస్తకం అడగండి, మూతికి జాలీ కట్టమనండి, డిపాజిట్ తీసుకోండి, వీటిలో దేనికైనా నేను సరే అంటాను. జాతి చూసి గది ఇవ్వడం మాత్రం నాకు ఇప్పటికీ మింగుడుపడదు.

అయితే కుదరదని చెప్పిన వాళ్ళందరి మీదా నాకు కోపం లేదు. ఒక మేనేజరు ఓపిగ్గా విడమరిచి చెప్పాడు. ఎవరో వాళ్ళ కుక్కని మంచం మీదే పడుకోబెట్టారట, ఆ మర్నాడు దిగిన వాళ్ళు దుప్పటి విదిలించగానే వెంట్రుకలు రాలాయి, వాసన కూడా, వాళ్ళు గది ఖాళీ చేసి డబ్బు వెనక్కి అడిగారు, పైగా ఫొటోలు తీసి రివ్యూ పెట్టారు. "మాకున్నవే కొన్ని గదులు మేడమ్, సీజన్ అంటే ఈ రెండు నెలలే, ఒక గది పోతే మళ్ళీ అది పూడదు" అన్నాడు. దానికి నేనేం జవాబు చెప్పను? కుక్కలున్న మావాళ్ళు చాలామంది ఇలాంటప్పుడు జంతు సంక్షేమ బోర్డు మార్గదర్శకాలు తీసి చూపిస్తుంటారు, కుక్కల్ని ఆపడానికి మీకు హక్కు లేదు అని. 2015లో ఆ బోర్డు ఇచ్చిన మార్గదర్శకాలు అపార్ట్‌మెంటు సంఘాల గురించి, అంటే మనం కాపురం ఉండే ఇంట్లో కుక్కని పెంచుకోనివ్వాలని. రిసార్టు ఒకరి వ్యాపారం, వద్దనుకుంటే వద్దనొచ్చు. ముఖం మీద వద్దన్నవాడు నా దృష్టిలో మంచివాడు, నేను ఇంకో నంబరుకి ఫోన్ చేసుకుంటాను. సగం సగం ఒప్పుకునే వాళ్ళతోనే తంటా.

చివరికి ఊరికి కాస్త ఎడంగా ఉన్న ఒక కాటేజీల రిసార్టు వాళ్ళు సరే అన్నారు. కుక్కకి రోజుకి 800 అదనం, డైనింగ్ హాల్లోకి తేకూడదు, స్విమ్మింగ్ పూల్ దగ్గరికి తేకూడదు, గదిలోనే ఉండొచ్చు. మూడూ న్యాయంగానే అనిపించాయి. ఫోన్లో చెప్పినవే వాట్సాప్‌లో పెట్టమన్నాను, పెట్టాడు. ఈ పని తప్పకుండా చేయండి, ఎందుకో కిందకి వెళ్తే అర్థమవుతుంది.

రైల్లో వెళ్దామని మా పాప గొడవ. కిరండూల్ రైలు, సొరంగాలు, అద్దాల పెట్టె. కుదరదమ్మా అని చెప్పాను. రైల్లో కుక్క మనతోపాటు ప్రయాణించాలంటే ఫస్ట్ ఏసీలో రెండు బెర్తుల కూపేగానీ నాలుగు బెర్తుల క్యాబిన్‌గానీ మొత్తం మన పేరుమీదే ఉండాలి. మిగతా ఏసీ క్లాసుల్లో, స్లీపర్లో, కూర్చునే పెట్టెల్లో కుక్కకి ప్రవేశం లేదు. లేదంటే పార్సిల్ ఆఫీసులో బుక్ చేసి గార్డు పెట్టెలో ఉండే కుక్కల డబ్బాలో ఎక్కించాలి, ఆ చీకటి డబ్బాలో, ఆ చప్పుడులో దాన్ని ఒంటరిగా పెట్టడం మా వల్ల కాదు. కాబట్టి కారే.

బయల్దేరే ముందు పశువుల ఆసుపత్రికి తీసుకెళ్ళాం. రేబిస్ బూస్టర్ తేదీ దగ్గర పడింది, అది వేయించాం. డిస్టెంపర్, పార్వో వగైరాలకి కలిపి వేసే టీకా అంతకుముందే అయిపోయింది. డాక్టరు గారు అన్నిటికంటే ఎక్కువసేపు మాట్లాడింది పిడుదుల గురించి. తోటలు, గడ్డి, పశువులు తిరిగే చోట్లు కదా, ఒక్క పిడుదు కరిచినా జ్వరం పట్టుకోవచ్చు, రక్తకణాలు పడిపోతాయి, కుక్క తిండి మానేసి కూలబడేదాకా మనకి తెలీదు అని మెడ మీద వేసే చుక్కల మందు రాశారు. బయల్దేరడానికి రెండు రోజుల ముందే వేయమన్నారు. ఆరోగ్యం బాగుందని ఒక సర్టిఫికెట్ కూడా రాయించుకున్నాం. దాని పరుపు, దాని గిన్నె, పాత దుప్పట్లు రెండు, గట్టి బెల్టు, మూతి జాలీ, వంటగది టిష్యూ చుట్ట, ఇంట్లో తినే తిండి. కొత్త చోట కొత్త తిండి పెడితే కడుపు పాడవుతుంది, గదిలో మనకే నరకం.

విశాఖ నుంచి అరకు సుమారు 115 కిలోమీటర్లు. ఎస్.కోట దాకా బానే పడుకుంది. ఘాట్ మొదలయ్యాక నోటి వెంట చొంగ, ఆవలింతలు. మనుషులకి తిప్పినట్టే కుక్కలకీ తిప్పుతుంది, అందుకే పొద్దున్న ఏం పెట్టలేదు, అయినా డముకు దాటాక పసరు కక్కింది. ఆపి, నీళ్ళు పట్టించి, కాసేపు నడిపించాం. ఇక్కడ ఒక జాగ్రత్త. వ్యూ పాయింట్ల దగ్గర మొక్కజొన్న పొత్తులు, బొంగు చికెన్ అమ్మే బళ్ళున్న చోటల్లా అక్కడి కుక్కలు గుంపులుగా ఉంటాయి, కోతులు సరేసరి. కారు తలుపు తీసే ముందు చుట్టూ చూసుకోండి, బెల్టు చేతికి చుట్టుకున్నాకే తలుపు తీయండి. బొర్రా గుహల దగ్గర ముందు మా ఆయనా పాపా వెళ్ళొచ్చారు, తర్వాత నేను వెళ్ళాను. ఎవరో ఒకరు బెల్లంతో చెట్టు కింద ఉండాల్సిందే. అద్దం కాస్త దించి కారులో వదిలి వెళ్ళిపోవచ్చు కదా అని పక్క కారాయన సలహా ఇచ్చారు. దయచేసి ఎవరూ ఆ పని చేయకండి. ఎండలో ఆపిన కారు లోపల అరగంటలో పొయ్యి అయిపోతుంది, అద్దం కొంచెం దించినంత మాత్రాన ఆగదు. కుక్కకి మనలా ఒళ్ళంతా చెమట పట్టదు, నాలుక చాపి వగర్చడం తప్ప ఒంటి వేడి తగ్గించుకునే దారి దానికి దాదాపు లేదు.

సాయంత్రానికి చేరాం. దారి పొడవునా వలిసె పూలు, పొలాలకి పొలాలే పసుపు. మనసు తేలికపడి రిసెప్షన్‌లోకి వెళ్తే అక్కడున్న కుర్రాడు బెల్లాన్ని చూసి లేచి నిలబడ్డాడు. "మేడమ్, దీన్ని లోపలికి తేకండి. వెనకాల జనరేటర్ షెడ్డు ఉంది, అక్కడ కట్టేయండి. వాచ్‌మన్ చూసుకుంటాడు." డిసెంబర్లో అరకులో రాత్రి చలి ఎలా ఉంటుందో వెళ్ళినవాళ్ళకి తెలుసు. మాతో మాట్లాడిన మేనేజరు ఆ రోజు ఊళ్ళో లేడట. ఫోన్ తీసి వాట్సాప్ మెసేజీ చూపించాను, అందులో గదిలోనే అని తెలుగులోనే ఉంది. కుర్రాడు మేనేజరుకి ఫోన్ చేశాడు, మేనేజరు ఓనరుకి చేశాడు, మేం ముగ్గురం సామాన్లతో బయట బెంచీ మీద, బెల్లం నా కాళ్ళ కింద. చీకటి పడ్డాక వరస చివర ఉన్న కాటేజీ ఇచ్చారు. మేం బుక్ చేసింది అది కాదు, మాది లోయ వైపు గది, ఇది రోడ్డు వైపు. అయినా ఒప్పుకున్నాం, నిజానికి కుక్కకి అదే మంచి చోటు, పక్కనే ఖాళీ జాగా, ఒకే వైపు పొరుగు.

ఆ రాత్రి క్యాంప్ ఫైర్. పెద్ద పెద్ద బాక్సుల్లో పాటలు, తర్వాత ఎవరిదో పుట్టినరోజని టపాసులు కూడా. బెల్లం మంచం కిందకి దూరింది. నేను టీవీ పెట్టి, కిటికీలు మూసి, దాని పక్కనే నేల మీద కూర్చున్నాను, మా ఆయనా పాపా తిని వచ్చి నాకు పార్సిల్ తెచ్చారు. ఉన్నన్నాళ్ళూ భోజనాలు ఇలాగే వంతులవారీగా. దీని గురించి నాకు ఫిర్యాదు లేదు. పది మంది తినే చోట కుక్క ఉండకూడదు. కుక్క తెచ్చుకున్న ఇబ్బంది తెచ్చుకున్నవాళ్ళదే అవ్వాలి, పక్క టేబుల్ వాళ్ళది కాదు.

మర్నాడు పొద్దున్న గది ఊడవడానికి ఒకావిడ వచ్చింది, దగ్గర ఊరే. బెల్లాన్ని బయటికి తీసుకెళ్ళమంటావా అని అడిగితే "ఉండనీ అమ్మా, మా ఇంట్లో నాలుగున్నాయి" అంది. మంచం మీద ఏం లేదని, కుక్క పరుపు వేరే ఉందని చూసి ఆమె ముఖం విప్పారింది. "ఇలా ఎవురూ తేరమ్మా" అంటూ తన పని ఎలా ఉంటుందో చూపించింది. చలికాలం కదా, గదికి రెండేసి ఉన్ని రగ్గులు. వెంట్రుక అందులో దూరితే ఉతికినా పోదు. అట్టపెట్టెలకి వేసే వెడల్పు టేపు ఉంటుంది కదా, దాన్ని జిగురు వైపు బయటికి ఉండేలా అరచేతికి చుట్టుకుని రగ్గు మీద జానా జానా అద్దుకుంటూ పోవాలి, జిగురు పోయాక టేపు మార్చాలి. మా అల్మారాలో మడతపెట్టి ఉన్న రగ్గు తీసి ఒక మూల అద్ది చూపించింది. టేపు మీద పొట్టి తెల్ల వెంట్రుకలు. బెల్లానివి కావు, దానికి తెల్లది ఒక్కటీ లేదు. ఎవరి కుక్కవో, ఎప్పటివో. పదకొండుకి ఒకళ్ళు ఖాళీ చేస్తే పన్నెండుకి ఇంకొకళ్ళు దిగుతారు, ఆ గంటలో గది, బాత్రూమ్, రగ్గులు అన్నీ అయిపోవాలి. మేం కడుతున్న 800లో నీకేమైనా ఇస్తారా అని అడిగాను. ఆ డబ్బు సంగతే ఆమెకి తెలీదు.

ఇది నాకు చాలా బాధ కలిగించింది, ఇప్పటికీ. కుక్క పేరు చెప్పి వసూలు చేసిన డబ్బు కుక్క వల్ల అదనంగా పని పడే మనిషికి చేరకపోతే ఆమె కుక్కల్ని ఎందుకు కోరుకోవాలి? రిసార్టులు ఎందుకు వద్దంటున్నాయి అని మనం పెద్ద పెద్ద కారణాలు వెతుకుతాం, అసలు కారణం చాలాసార్లు ఆ రగ్గు, ఆ గంట. వచ్చేటప్పుడు ఆమె చేతిలో కొంత పెట్టాను గానీ అది రిసార్టు చేయాల్సిన పని.

ఇక ఆ పెద్దావిడ సంగతి. మా పక్క కాటేజీలో విజయనగరం నుంచి వచ్చిన కుటుంబం దిగింది, ఆరేళ్ళ బాబు, అమ్మానాన్న, నాయనమ్మ. నేను బెల్లాన్ని బయటికి తీసుకెళ్తుంటే ఆ బాబు మెట్ల మీద ఎదురుపడ్డాడు. అరవలేదు, పరిగెత్తలేదు. అక్కడే కొయ్యబారిపోయి నాయనమ్మ కొంగు నోట్లో కుక్కుకున్నాడు, కళ్ళు మాత్రం కుక్క మీదే. అంతకుముందు ఏడాది ఒక వీధి కుక్క వాడి పిక్క పట్టుకుందట, ఇంజెక్షన్లన్నీ పడ్డాయి. వాళ్ళ నాన్న నేరుగా రిసెప్షన్‌కి వెళ్ళి గొడవ పెట్టుకున్నాడు, కుక్కలుంటాయని చెప్పకుండా మాకు గది ఎలా ఇస్తారు అని. ఆ కుర్రాడు మా వైపు చూపించి "వాళ్ళు బుక్ చేసుకునే వచ్చారు సార్" అన్నాడు. ఆయన మా మీదకి వచ్చాడు. నేనూ గట్టిగానే మాట్లాడబోతుంటే ఆ పెద్దావిడ కొడుకుని పక్కకి వెళ్ళమంది.

"కరవదమ్మా, చాలా మంచిది" అన్నాను నేను.

"మంచిదేనమ్మా, చూస్తుంటేనే తెలుస్తోంది. అది మంచిదని నీకు తెలుసు, ఇప్పుడు నాకూ తెలిసింది. వాడికి తెలీదు కదా తల్లీ. నీ డబ్బులు నువ్వు కట్టుకుని వచ్చావు, నీ తప్పేం లేదు. ఫోన్ చేసినప్పుడు మాకు ఒక్క ముక్క చెప్పుంటే వేరే చోటికి పోయేవాళ్ళం, అంతే."

అంతే. నేను ఎన్నో చోట్లకి ఫోన్ చేసి, టీకాలు వేయించి, సర్టిఫికెట్ రాయించి, మెసేజీ పెట్టించుకుని వచ్చాను. అంటే నాకు అన్నీ ముందే తెలుసు. వాళ్ళకి ఎవరూ ఏదీ చెప్పలేదు. కుక్కల్ని రానిస్తాం అన్న మాట కుక్కలున్న మాకే చెప్తున్నారు, అడుగుతున్నదీ మేమే. కుక్క లేని వాళ్ళకి ఆ మాట చెప్పాలని ఎవరికీ తోచడం లేదు. భయం ఉన్నవాళ్ళు, చంటిపిల్లలున్నవాళ్ళు, ఆయాసం ఉన్నవాళ్ళు, ఏ కారణమూ లేకుండా ఇష్టం లేనివాళ్ళు, వీళ్ళందరూ అదే డబ్బు కట్టి అదే సెలవు కోసం వచ్చారు. పైగా ఎలర్జీ ఉన్నవాళ్ళకి కుక్క ఎదురుగా ఉండక్కర్లేదు. కుక్క లాలాజలంలో, చర్మం మీది పొట్టులో ఉండే ప్రోటీన్లు వాళ్ళకి పడవు, అవి పరదాల్లో, రగ్గుల్లో, తివాచీల్లో వారాలూ నెలలూ ఉండిపోతాయి. ఇవాళ కుక్క దిగిన గదిలో వచ్చే వారం ఆయాసం ఉన్న మనిషి దిగితే రాత్రికి ఇన్‌హేలర్ వెతుక్కోవాలి, ఎందుకొచ్చిందో కూడా తెలీదు. అందుకే కుక్కల గదులు ఎప్పుడూ అవే ఉండాలి, ఏది ఖాళీగా ఉంటే అది ఇచ్చేయకూడదు. ఆ గదుల్లో తివాచీ ఉండకూడదు, రగ్గులు వేరే రంగువి ఉండాలి. పక్క గది తీసుకునే వాళ్ళకి బుకింగ్ అప్పుడే చెప్పాలి.

ఆ పెద్దావిడా నేనూ కూర్చుని మాట్లాడుకున్నాం. బెల్లాన్ని తెల్లారకముందు, మళ్ళీ రాత్రి భోజనాలయ్యాక తిప్పుతాను, పగలు తప్పనిసరైతే వెనక వైపు నుంచి తీసుకెళ్తాను, తలుపు తీసే ముందు ఆమెకి ఫోన్ చేస్తాను. ఉన్నన్నాళ్ళూ అలాగే జరిగింది. బాబు చివరిదాకా బెల్లం దగ్గరికి రాలేదు, రావాల్సిన అవసరమూ లేదు. రా నాన్నా, ముట్టుకో, ఏమీ చేయదు అని ఎవరి పిల్లల్నీ బలవంతపెట్టకండి. మన కుక్క మీద మనకెంత నమ్మకమున్నా పాపం పిల్లాడు ఒక్కసారి కెవ్వుమంటే అది ఏం చేస్తుందో ఎవరూ చెప్పలేరు. ఏదైనా జరిగితే పూచీ మనదే. కుక్కని అదుపులో ఉంచకుండా నిర్లక్ష్యం చేస్తే భారతీయ న్యాయ సంహిత 291వ సెక్షన్ కింద ఆరు నెలల దాకా జైలు, లేదా 5,000 దాకా జరిమానా, లేదా రెండూ పడొచ్చు.

ఊళ్ళోకి తిరిగొచ్చిన మేనేజరుతో ఒక పూట తీరిగ్గా మాట్లాడే అవకాశం దొరికింది. మంచి మనిషి, వినేరకం. ఇక్కడ ఎవరినైనా కుక్క కరిస్తే ఏం చేస్తారు అని అడిగాను, కారులో కిందకి పంపిస్తాం అన్నాడు. ముందు సబ్బు నీళ్ళు ధారగా పోస్తూ పావుగంట కడగాలని, గోరు గీరుకుని రక్తం వచ్చినా టీకా వేయించుకోవాల్సిందేనని, రేబిస్ లక్షణాలు బయటపడ్డాక బతికించడం దాదాపు అసాధ్యమని ఆయనకి తెలీదు. దగ్గర్లో ఏ ప్రభుత్వాసుపత్రిలో ఆ టీకా ఉందో కనుక్కుని నంబరు రిసెప్షన్‌లో అంటించి పెట్టుకోమన్నాను. ఇది మా కుక్క కోసం కాదు, వాళ్ళ వంటగది వెనకాల ఎంగిలాకుల కోసం తిరిగే కుక్కలు చాలానే ఉన్నాయి, గెస్టులు వాటికి బిస్కెట్లు వేస్తుంటారు, వాటిలో ఒక్కదానికీ టీకా లేదు. వచ్చిన కుక్కకి టీకా పుస్తకం అడిగే రిసార్టు తన గడపలో ఉన్న కుక్కల సంగతి కూడా చూడాలి కదా. ఏటా జూలై 6న జూనోసిస్ దినం, అంటే జంతువుల నుంచి మనుషులకి సోకే జబ్బుల గురించి జరిపే రోజు, సందర్భంగా పశువుల ఆసుపత్రుల్లో కుక్కలకి రేబిస్ టీకా ఉచితంగా వేస్తారు, పట్టుకుని ఆటోలో తీసుకెళ్తే చాలు.

అడవిని ఆనుకుని ఉన్న రిసార్టుల విషయంలో మాత్రం నేను ఇంకా కఠినంగా ఉంటాను. గుజరాత్ గిర్ అడవుల్లో 2018లో వారాల వ్యవధిలో ఇరవైకి పైగా సింహాలు చనిపోయాయి, వాటిలో కొన్నిటికి కెనైన్ డిస్టెంపర్ వైరస్ సోకినట్టు తేలింది. ఆ వైరస్ కుక్కల్లో మామూలుగా కనపడేదే. టీకా లేని కుక్క అడవి అంచున తిరగడమంటే దాని ప్రాణానికీ, అక్కడి జంతువుల ప్రాణానికీ ముప్పు. చిరుతకి కుక్క ఇష్టమైన ఆహారం కూడా. పులుల అభయారణ్యాల పక్కన, చిరుతలు తిరిగే కాఫీ తోటల మధ్యన ఉన్న రిసార్టు కుక్కల్ని వద్దంటే నేను మారుమాట్లాడను. ప్రహరీ ఉండి, ఊరికి దగ్గరగా ఉన్న చోటయితేనే రమ్మనాలి.

ఖాళీ చేసే రోజు గది చూడటానికి కుర్రాడు వచ్చాడు. కుక్క పరుపు వేసిన చోట నేల మేమే తుడిచాం, గుమ్మం బయట ఖాళీ జాగాలో ఏమీ మిగలకుండా కవర్లతో ఎత్తి వేశాం. అయినా బిల్లులో క్లీనింగ్ చార్జీ అని ఇంకో 1,500 వేశారు. మళ్ళీ వాట్సాప్ తీశాను, అందులో 800 తప్ప ఇంకేం లేదు. మేనేజరు చూసి కొట్టేశాడు. క్లీనింగ్‌కి డబ్బు తీసుకోవడం తప్పు కాదు, ముందే చెప్పండి, ఎంతో చెప్పండి, శుభ్రం చేసే ఆవిడకి అందులోంచి ఇవ్వండి అన్నాను. ఇవన్నీ ఒక కాగితం మీద రాసిమ్మన్నాడు, అక్కడే కౌంటర్ మీద పెట్టుకుని రాసిచ్చాను. కుక్కల గదులు ఏవి, కుక్కకి ఎంత, శుభ్రతకి ఎంత, ఏ టీకాలు ఉండాలి, బెల్టు లేకుండా తిప్పకూడదు, గదిలో ఒంటరిగా వదిలి ఊరు చూడ్డానికి వెళ్ళకూడదు, మైకులు టపాసులు ఉంటాయో లేదో మాకు చెప్పాలి, పక్క గది తీసుకునే వాళ్ళకి కుక్క ఉంటుందని చెప్పాలి. ఈ చివరిది చదివి "ఇలా చెప్తే సగం మంది బుక్ చేసుకోరు మేడమ్" అన్నాడు. చేసుకోనివాళ్ళు గొడవపడరు కదా, ఇక్కడికి వచ్చాక తెలిస్తేనే గొడవ అన్నాను. మడిచి జేబులో పెట్టుకున్నాడు, ఎంతవరకు పాటిస్తున్నాడో మరి.

ఈమధ్య మా చెల్లెలు వాళ్ళు లంబసింగి బయల్దేరారు. వాళ్ళకి కుక్క లేదు, మా మరిదికి కుక్క వెంట్రుకలంటే ఆయాసం. గది బుక్ చేసేముందు నేను చెప్పి దానిచేత అడిగించాను, మీ దగ్గర కుక్కల్ని రానిస్తారా, రానిస్తే ఏ గదుల్లో దించుతారు అని. ఫోన్లో అతను ముందు అర్థంకాక మీరు కుక్కని తెస్తున్నారా అని అడిగాడట. కాదు, ఇదీ సంగతి అని చెప్తే రిజిస్టర్ తిరగేసి, ఈ వారం కుక్క దిగిన కాటేజీ ఏదో చూసి, దానికి దూరంగా, కొత్తగా కట్టిన వరసలో గది ఇచ్చాడు.